చిలుకకూ ఒక రాత్రి కావాలి

ఇంటిల్లిపాదీ గాఢనిద్రలో ఉన్న వేళ, రాత్రి రెండు గంటల ప్రాంతంలో, పంజరంలో ఒక్కసారిగా రెక్కలు టపటపా కొట్టుకున్న శబ్దం వినిపించింది. లేచి దీపం వేసేసరికి మిఠూ పంజరం అడుగున ఒక మూలకు ఒదిగి, ముక్కు తెరచి రొప్పుతూ కనిపించింది. ఎడమ రెక్క అంచున నెత్తురు. నీళ్ళ గిన్నె ఒలికిపోయింది, గింజలు గది నిండా చెల్లాచెదురయ్యాయి. ఆ వారంలో అలా జరగడం అది మూడవసారి.

మరునాడు ఉదయం ఇంట్లో పంచాయితీ మొదలైంది. మోకాళ్ళ నొప్పులతో దాదీకి అసలే నిద్ర తక్కువ. "బేటా, ఈ పిట్ట ఇలా గోల చేస్తుంటే నాకు కన్ను మూతపడేదెప్పుడు? ఎవరికైనా ఇచ్చేయండి" అన్నారు. పిల్లలు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నిజం చెప్పాలంటే మేము దాదీ పక్షమే వహించాము. మనం లేచి దగ్గరకు రావాలనే అది అలా అల్లరి చేస్తోందని మా నమ్మకం. పంజరం మీద మందపాటి దుప్పటి నాలుగువైపులా కప్పి, చిమ్మచీకట్లో ఉంచితే దారికి వస్తుందనుకున్నాము. దాని భయానికి ఆ దుప్పటే సగం కారణమని మాకు తెలియడానికి మరో పది రోజులు పట్టింది.

ముందుగా ఒక మాట. మిఠూ అన్నది పిల్లలు పెట్టిన పేరే గాని, అది రామచిలుక కాదు. బూడిదరంగు ఒళ్ళు, పసుపు ముఖం, నారింజరంగు బుగ్గలు, తలపై లేస్తూ వాలుతూ ఉండే తురాయి గల కాకటీల్ అది. చిలుకల జాతిదే, స్వదేశం ఆస్ట్రేలియా. మన తోటల్లో తిరిగే పచ్చని రామచిలుకలను పట్టడం, అమ్మడం, కొనడం, పంజరంలో ఉంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. తాతల కాలం నుండి ఇళ్ళలో చూస్తున్నాము గనుక తప్పు కాదనుకునేవారు మన బంధువుల్లోనే ఎందరో ఉన్నారు.

రెక్క గాయం చూపించడానికి పక్షుల వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు ఆయన మమ్మల్ని గాయం గురించి కాక గది గురించి అడగసాగారు. పంజరం ఎక్కడ ఉంది? దీపాలు ఎప్పుడు ఆర్పుతారు? కిటికీ ఏ వైపు ఉంది? చివరికి "ఇది అల్లరి కాదండీ, భయం. కాకటీళ్ళలో ఇది తరచుగా చూసేదే" అన్నారు. చిలుకలు వేటాడే జీవులు కావు, వేటకు గురయ్యే జీవులు. అడవిలో అవి సంధ్యవేళ గుంపుగా చెట్లపైకి చేరతాయి. ఒకదానికి అలికిడి తగిలితే గుంపంతా ఒక్కసారిగా లేచి ఎగిరిపోతుంది. ఆ స్వభావాన్ని అల్లాహ్ వాటి ప్రాణరక్షణ కోసమే ఇచ్చాడు. పంజరంలోని పక్షికీ అదే స్వభావం. చీకట్లో చిన్న శబ్దం వినగానే పైకి ఎగురుతుంది. ఊచలు కనిపించవు. వాటికి ఢీకొంటుంది, ఆ దెబ్బకు మరింత బెదురుతుంది. చిమ్మచీకటిలో తిరిగి తన కొమ్మను కూడా వెతుక్కోలేదు. మేము కప్పిన దుప్పటి చేసిన పని అదే.

ఇంటికి తిరిగివచ్చి రెండు రాత్రులు వంతులవారీగా మేల్కొని చూశాము. మొదటి దోషి ట్యూబులైటు వెనుక కాపురమున్న బల్లి. అది పురుగుల కోసం పంజరం మీదుగానే రాకపోకలు సాగించేది. రెండవది వీధి మలుపు తిరిగే వాహనాల వెలుగు. కిటికీలోంచి ఆ వెలుగు గోడమీద పాకినప్పుడల్లా పంజరం ఊచల నీడలు గది చుట్టూ తిరిగేవి. మూడవది మేము ఊహించనిది. పంజరానికి ఆనించి ఉన్న బల్లపై సెల్‌ఫోను పెట్టి పడుకునేవాళ్ళము. అర్ధరాత్రి ఏదో సందేశం వచ్చి అది గుర్రుమంటే, ఆ అదురు బల్లగుండా పంజరానికి చేరేది.

మందపాటి దుప్పటి తీసేశాము. దాని స్థానంలో పాత నూలు చున్నీని మూడువైపులా కప్పి, గోడలకూ మనుషులకూ ఎదురుగా ఉండే నాలుగవ వైపు తెరచి ఉంచాము. మన వేసవిలో గాలి ఆడని దుప్పటి కింద పక్షి ఎంత ఉడికిపోతుందో వేరే చెప్పనక్కరలేదు. గదిలో ఒక మూల జీరో బల్బు వెలిగించాము, నేరుగా కళ్ళలో పడకుండా. అయితే కరెంటు పోయిన రాత్రి ఆ బల్బు కూడా ఆరిపోయి, అకస్మాత్తుగా కమ్ముకున్న చీకటికి మిఠూ మళ్ళీ బెదిరింది. మరునాడే దానిని ఇన్వర్టరు లైనుకు కలిపించాము. ఇన్వర్టరు లేనివారు ఛార్జింగుతో వెలిగే చిన్న దీపం పెట్టుకోవచ్చు. నిద్రించే కొమ్మ చుట్టూ వేలాడే గంటలు, ఉయ్యాల రాత్రిపూట తీసివేస్తున్నాము. ఎగిరినా తగలడానికి ఏమీ ఉండకూడదు.

ఇవన్నీ చేసినా అసలు లోపం మరొకటి మిగిలిపోయింది. అది మా అలవాట్లది. పంజరం హాలులో ఉండేది. టీవీ, అతిథులు, పిల్లల చదువు, భోజనాలు అన్నీ అక్కడే. పదకొండున్నరకు దీపాలు ఆరేవి, ఫజ్ర్ అజాన్‌కు ముందే మళ్ళీ వెలిగేవి. చిలుకకు రోజుకు పది నుండి పన్నెండు గంటల నిశ్శబ్దమైన రాత్రి అవసరం. మేము దానికి ఇచ్చింది అయిదున్నర గంటలు. పగలు అది చిరాకుగా వేళ్ళు కొరికితే "మచ్చిక కాని పిట్ట" అని మేమే నింద వేశాము.

పంజరం ఎక్కడికి మార్చాలన్నది ప్రశ్న. వంటగది పక్క గది ఖాళీగానే ఉంది గాని వైద్యుడు వద్దన్నారు. నాన్‌స్టిక్ పెనం మితిమీరి వేడెక్కితే వెలువడే ఆవిరి మనకు తెలియకుండానే పక్షి ప్రాణం తీయగలదు. దాని ఊపిరితిత్తులు అంత సున్నితమైనవి. అదే కారణంగా దోమల చుట్ట, అగరుబత్తి, గురువారం సాయంత్రం మనం వేసే లోబాన్, ఊదు పొగ కూడా అది ఉన్న గదిలో వద్దు. దోమలకైతే పంజరం చుట్టూ దోమతెర కట్టాలి. ఇంట్లో త్వరగా నిశ్శబ్దమయ్యే గది ఒక్కటే, ఇషా నమాజు కాగానే తలుపు వేసుకునే దాదీ గది. ఆ మాట దాదీకి చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. చివరికి చిన్న మనవరాలు వెళ్ళి అడిగింది. "నాలుగు రోజులు చూస్తాను" అన్నారు దాదీ.

ఇప్పుడు క్రమం ఇలా నడుస్తోంది. మగ్రిబ్‌కు ముందు గింజలు, తరిగిన ఆకుకూర పెడతాము. సంధ్యవేళ కడుపునిండా తిని నిద్రకు చేరడం పక్షుల సహజమైన అలవాటు. మగ్రిబ్ తరువాత దానితో ఆటలు లేవు. ఇషా వేళకు దాదీ దీపం తగ్గించి, చున్నీ కప్పి, రోజూ ఒకే మాట మెల్లగా చెబుతారు, "సోజా మిఠూ". వేళ మారదు, మాట మారదు. చీకటి ఎప్పుడు పడుతుందో ముందే తెలిసిన పక్షి చీకటికి తక్కువ బెదురుతుంది. ఉదయం ఆరున్నర దాటాకే చున్నీ తీస్తాము.

ఇంత చేసినా నెలకు ఒకటి రెండుసార్లు ఉలికిపాటు తప్పదు. అప్పుడు చేయి లోపల పెట్టి పట్టుకోబోకండి. బెదిరిన పక్షికి ఆ చేయి కూడా శత్రువే. దీపం కొంచెం పెంచి, దూరంగా నిలబడి, పరిచితమైన గొంతుతో మాట్లాడుతూ ఉండాలి. కొమ్మ ఎక్కాక రెక్కలు పరిశీలించాలి. కొత్తగా మొలిచే ఈకలో నెత్తురు ప్రవహిస్తూ ఉంటుంది. అది విరిగితే రక్తం ధారకడుతుంది. విరిగిన ఈక చివర మొక్కజొన్న పిండి అద్ది, శుభ్రమైన గుడ్డతో కొద్దిసేపు అదిమి పట్టుకుంటే సాధారణంగా ఆగుతుంది. కొన్ని నిమిషాల్లో ఆగకపోతే రాత్రని చూడకుండా వైద్యుని సంప్రదించాలి. పగలంతా ఈకలు ఉబ్బించుకుని కునుకుతున్నా, ఊపిరితో పాటు తోక పైకీ కిందికీ కదులుతున్నా అది నిద్రలేమి కాకపోవచ్చు, జబ్బు కావచ్చు.

దైవప్రవక్త (స) హజ్రత్ అనస్ (ర) ఇంటికి వెళ్ళినప్పుడు, ఆయన చిన్న తమ్ముడు అబూ ఉమైర్ తన పిట్ట చనిపోయి దిగులుగా ఉండడం చూసి, ఆ పిట్ట గురించే పలకరించి పసివాణ్ణి ఓదార్చిన ఉదంతం హదీసు గ్రంథాలలో ఉంది. ఇంట్లో పిట్టను ఉంచుకోవచ్చునని పండితులు ఆ హదీసు నుండే గ్రహించారు, దాన్ని బాధించకూడదన్న షరతుతో. పంజరం తలుపు మూసినవాడే లోపలి జీవి ఆకలికి, దప్పికకు, భయానికి జవాబుదారీ. మేము దాన్ని ఇచ్చేయాలనుకున్న రోజుల్లో మాకు గింజలూ నీళ్ళూ మాత్రమే జ్ఞాపకమున్నాయి.

గత రమజానులో మాకు మరో పరీక్ష ఎదురైంది. తరావీహ్ ముగించుకుని మగవాళ్ళు ఇల్లు చేరేసరికి పది దాటేది. సహరీకి మూడున్నర నుండే గిన్నెల చప్పుడు, కుక్కరు కూత. నెల మొదలు కావడానికి వారం ముందే దాదీ గది తలుపుకు మందపాటి పరదా కట్టాము, కుక్కరు పని రాత్రి వంటతోనే ముగించేవాళ్ళము. సహరీకి లేచిన దాదీ పెద్ద దీపం వేయక, జీరో బల్బు వెలుగులోనే చెప్పులు వెతుక్కునేవారు. ఒకరోజు మనవరాలు చటుక్కున స్విచ్చు నొక్కబోతే చేయి పట్టుకుని ఆపేశారట.

మిఠూ ఇప్పుడు కుక్కరు కూతను అచ్చంగా అనుకరిస్తుంది, అదీ పగటిపూట మాత్రమే. రాత్రి దాదీ తస్బీహ్ తిప్పుతుండగా చున్నీ వెనుక నుండి సన్నగా గరగరమని ముక్కు నూరుకునే చప్పుడు వస్తుంది. నిద్రకు ముందు నిశ్చింతగా ఉన్న చిలుక చేసే చప్పుడది. కాసేపటికి అది కూడా ఆగి, తల వెనక్కి తిప్పి ముక్కును వీపు ఈకల్లో దాచి, ఒంటికాలి మీద నిలుస్తుంది. దాదీ అడిగిన నాలుగు రోజుల గడువు ముగిసి ఏడాది దాటింది.