పిల్లల అడుగుల వేగం

ఆ శనివారం సాయంత్రం మా కాలనీ కమ్యూనిటీ హాల్లో కుర్చీలు చాలలేదు. నీళ్ల బిల్లు గురించో, చెత్త బండి గురించో మీటింగు పెడితే పదిమంది రారు. ఆరోజు మాత్రం అరవైమంది దాకా వచ్చారు. విషయం ఒక్కటే. హైదరాబాద్ శివారులోని మా వీధిలో స్పీడ్ బ్రేకర్లు వేయించాలా, వద్దా?

మా వీధి పొడవు సుమారు 600 మీటర్లు. ఒక చివర మెయిన్ రోడ్డు, మరో చివర మా చర్చి. మధ్యలో ఒక చిన్న స్కూలు, రెండు కిరాణా కొట్లు, వరుసగా ఇళ్లు. కొన్నేళ్ల క్రితం వరకు అది గుంతల దారే. సిమెంటు రోడ్డు పడిన రోజున అందరం సంతోషించాం. మా చర్చిలో దేవునికి స్తుతులు కూడా చెల్లించాం. ఆ నున్నటి రోడ్డే ఇప్పుడు పరుగుపందేలకు వేదికైంది. మీటింగుకు రెండు వారాల ముందు, ట్యూషన్ నుంచి ఇంటికొస్తున్న పదేళ్ల బాబును ఒక మోటార్ సైకిల్ గుద్దేసింది. బాబు కాలు విరిగింది. ప్రాణం దక్కింది.

స్పీడ్ బ్రేకర్లు వేయాల్సిందేనన్న వారిలో తల్లులు ఎక్కువ. అలాగని వద్దన్నవారు మనసు లేనివారేమీ కారు. రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన లేచి, "నా నడుములో రెండు డిస్కులు దెబ్బతిన్నాయండీ. చిన్న గుంతకే ప్రాణం పోయినంత పనవుతుంది. ఇంటిముందు మూడు గుట్టలు పెడితే నేను ఆస్పత్రికి ఎలా వెళ్లాలి?" అన్నారు. నిండు గర్భిణి అయిన కూతురి గురించి ఒక తల్లి అడిగింది. అంబులెన్స్ ఆలస్యమైతే బాధ్యత ఎవరిదన్నారు మరొకరు. స్కూలు ఆటో నడిపే తమ్ముడు తన బండి పట్టీల ఖర్చు లెక్కచెప్పాడు.

అప్పుడు ఒకాయన పాత సంగతి గుర్తుచేశారు. క్రితం ఏడాది ఎవరో ఇంటి పనిలో మిగిలిన కాంక్రీటుతో రాత్రికి రాత్రే రోడ్డుకు అడ్డంగా ఒక గుట్ట పోశారు. దానికి రంగు లేదు, బోర్డు లేదు. వానలో, చీకట్లో స్కూటర్ దానిమీద ఎగిరిపడి వెనక కూర్చున్న ఒక సోదరి తలకు కుట్లు పడ్డాయి. అంటే, మా వీధిలో స్పీడ్ బ్రేకర్ లేక ఒకరు, ఉండి ఒకరు దెబ్బతిన్నారు! ఇరుపక్షాల దగ్గరా కన్నీళ్లున్నాయి. గంటన్నర గడిచినా మాట తెగలేదు.

"అయ్యగారూ, మీరొక మాట చెప్పండి" అన్నారు కాలనీ అధ్యక్షులు. పొరుగువారిని ప్రేమించడం గురించి నాలుగు మాటలు మనసులో సిద్ధం చేసుకుని లేచాను. నేను నోరు తెరవకముందే వెనక వరుసలోంచి ఒక పెద్దమ్మ మాట్లాడింది.

"అయ్యగారూ, తప్పుగ అనుకోకుర్రి. మిగిలిన దినాలల్ల ఆటోలు, బండ్లు ఉంటయి. ఐతారం పొద్దుగాల మాత్రం మీ చర్చికొచ్చేటోళ్లదే జోరు. ఆ టైముల నా మనవణ్ని గేటు బయటికి పంపాల్నంటే నాకు భయమైతది."

హాలు నిశ్శబ్దమైంది. నేను సిద్ధం చేసుకున్న మాటలు గొంతులోనే ఉండిపోయాయి. ఎందుకంటే ఆమె చెప్పింది నిజం. అంతకంటే కఠినమైన నిజం ఆమెకు తెలియదు. ఆదివారాల్లో నేను ఉదయం ఏడు గంటలకు పన్నెండు కిలోమీటర్ల అవతలి మా శాఖా సంఘంలో ఆరాధన ముగించుకుని, తొమ్మిదిన్నరకల్లా ఇక్కడి పులిపీఠం దగ్గర ఉండాలి. ఆ తొందరలో ఆ వీధిలో అందరికంటే వేగంగా వెళ్లే కారు చాలాసార్లు నాదే. "క్షమించమ్మా" అని మాత్రం అనగలిగాను. కూర్చున్నాను.

ఆ రాత్రి కాగితం తీసుకుని ఒక లెక్క వేశాను. 600 మీటర్ల వీధిని గంటకు 40 కిలోమీటర్ల వేగంతో దాటితే 54 సెకన్లు పడుతుంది. 20 కిలోమీటర్ల వేగంతో దాటితే 108 సెకన్లు. తేడా 54 సెకన్లు! ఒక కీర్తనలో ఒక చరణం పాడేంత సమయం కూడా కాదు. ఆ కాస్త సమయం మిగుల్చుకోవడానికి ఒక నాయనమ్మ తన మనవణ్ని గేటు లోపల బంధించుకోవాల్సి వస్తోంది. వేగం రెట్టింపైతే గుద్దుకునే శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుందని హైస్కూల్లో చదువుకున్న పాఠమే. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ లెక్క తేల్చింది. వారిలో నూటికి 70 మందికి పైగా మితిమీరిన వేగం వల్లనే పోయారు. వారిలో ప్రతి ఒక్కరూ ఎవరో ఒకరి బిడ్డే కదా!

స్పీడ్ బ్రేకర్ చరిత్ర వెతికితే నాకు తెలిసిన పేరే ఎదురైంది. ఆర్థర్ కాంప్టన్. ఇంటర్మీడియట్ ఫిజిక్స్ చదివినవారికి 'కాంప్టన్ ఫలితం' గుర్తుండే ఉంటుంది. 1927లో నోబెల్ బహుమతి అందుకున్న ఈ అమెరికా శాస్త్రవేత్త ఒక ప్రెస్బిటేరియన్ దైవసేవకుని కుమారుడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అణుబాంబు తయారీకి దారివేసిన షికాగో ప్రయోగశాలకు ఆయనే అధిపతి. యుద్ధం తర్వాత సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి ఛాన్సలరయ్యాడు. అక్కడి భవనం ముందు నుంచి కార్లు దూసుకెళ్లడం చూసి, 1953లో వాటి వేగం తగ్గించేందుకు రోడ్డుపై గట్లను రూపొందించాడు. లోకాన్నే మార్చేసిన భయంకర శక్తిని దగ్గరగా చూసిన మనిషి, దారినపోయేవారి కోసం ఒక చిన్న గట్టు గురించి ఆలోచించాడు. ఆ సంగతి నన్ను చాలాసేపు కదిలించింది.

మన దేశంలో స్పీడ్ బ్రేకర్ ఎలా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే మార్గదర్శకాలిచ్చింది. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటాల్సిన చోట గట్టు ఎత్తు 10 సెంటీమీటర్లు, అంటే నాలుగు అంగుళాలు. వెడల్పు 3.7 మీటర్లు, అంటే దాదాపు పన్నెండు అడుగులు. చక్రం మెల్లగా ఎక్కి మెల్లగా దిగేలా గుండ్రంగా వంపు తిరిగి ఉండాలి. 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డు ఉండాలి. రాత్రిపూట కనిపించేలా చారలుండాలి. ఇలా కడితే మెల్లగా వచ్చేవారికి కుదుపు తక్కువ, దూసుకొచ్చేవారికే ఎక్కువ. మన వీధుల్లో రాత్రికి రాత్రే లేచే అడుగు వెడల్పు గుట్టలు దీనికి పూర్తిగా విరుద్ధం. మెల్లగా వెళ్లే రోగి నడుమును కూడా అవి వదలవు. మంచి ఉద్దేశంతో కట్టినా, కొలత తప్పితే కీడే మిగులుతుంది.

దేవుడు ఇశ్రాయేలీయులకిచ్చిన ఆజ్ఞల్లో మనం అంతగా పట్టించుకోని ఆజ్ఞ ఒకటుంది. కొత్త ఇల్లు కట్టుకునేవాడు డాబా చుట్టూ పిట్టగోడ కట్టాలి, పైనుంచి ఎవరైనా పడి చనిపోతే ఆ రక్తాపరాధం ఇంటిమీదికి వస్తుంది అన్నది దాని సారాంశం (ద్వితీయోపదేశకాండము 22:8). ఆ కాలంలో డాబా మీదే జనుపకట్టె ఆరబెట్టేవారు, డాబా మీదే ప్రార్థించేవారు. "ఇల్లు నాది, డాబా నాది. చూసుకోకుండా నడిచినవాడిది తప్పు" అని ఇంటి యజమాని వాదించవచ్చు. దేవుడు ఆ వాదనను ఒప్పుకోలేదు. ఎవరూ పడకముందే, పడబోయేవాని కోసం ఆలోచించమన్నాడు. అదే సమయంలో పిట్టగోడ కట్టమన్నాడే గానీ, డాబా ఎక్కే మెట్లు పడగొట్టమనలేదు. పిల్లవాడికి రక్షణ ఉండాలి, నడుము నొప్పి ఉన్న పెద్దాయనకు దారీ ఉండాలి. దేవుని ఆజ్ఞలో ఈ రెండింటికీ చోటుంది.

ఇంకో సంగతి ఆదికాండము 33వ అధ్యాయంలో ఉంది. ఇరవై ఏళ్ల ఎడబాటు తర్వాత ఏశావు, యాకోబు కలుసుకున్నారు. కలిసి వెళదాం రమ్మన్నాడు ఏశావు. అతని వెంట నాలుగు వందల మంది ఉన్నారు. యాకోబు వెంట పసిపిల్లలు, పాలిచ్చే పశువులు ఉన్నాయి. ఒక్కరోజు వడిగా తోలితే మంద చచ్చిపోతుందని, పిల్లలు నడవగలిగినంత మెల్లగా తాను వస్తానని యాకోబు జవాబిచ్చాడు. హెబ్రీ మూలంలో అక్కడున్న 'రెగెల్' అనే మాటకు పాదం అని అర్థం. అంటే, పిల్లల పాదాన్ని బట్టి నడుస్తానన్నమాట! అన్న వెంట వెళ్లకుండా తప్పించుకోవాలన్న ఆలోచన కూడా ఆ జవాబులో ఉండవచ్చు. అతడు తర్వాత సుక్కోతుకే వెళ్లాడు. అయినా ఆ మాటలోని సత్యం చెక్కుచెదరదు. ముందురోజు రాత్రే తొడ గూడు తప్పి కుంటుతున్నవాడు యాకోబు. బలహీనుల నడక ఎలా ఉంటుందో కుంటేవాడికే బాగా తెలుస్తుంది.

మన వీధి వేగాన్ని ఎవరు నిర్ణయించాలి? బండికి ఎంత బలముందో దాన్నిబట్టా? లేక, రోడ్డు దాటుతున్న చిన్నారి పాదాన్నిబట్టా? వీధి నిండా పిల్లలు ఆడుకుంటుంటే, చేతికర్రలు పట్టుకున్న వృద్ధులు అక్కడే కూర్చుని ఉండే పట్టణం జెకర్యా ప్రవక్త దర్శనంలో ఉంది (8:4, 5). దేవుడు బాగుచేసిన పట్టణం అలా ఉంటుంది. ఆ దర్శనంతో పోలిస్తే, పెద్దమ్మ తన మనవణ్ని గేటు దాటనివ్వని మా ఆదివారం ఉదయం ఎంత దూరంలో ఉంది!

తర్వాతి ఆదివారం నేను వాక్యం చెప్పకముందు నా తప్పు సంఘం ఎదుట ఒప్పుకున్నాను. పెద్దమ్మ అన్న మాటను ఉన్నదున్నట్టు చెప్పాను. కొందరు నొచ్చుకున్నారు. "మనల్నే అంటారేంటి, అందరూ అలాగే వెళ్తున్నారుగా" అన్నారు. అయినా సంఘ పెద్దలు కూర్చుని ఆరాధన సమయాన్ని పది గంటలకు మార్చారు. నా తొందరకు ఇక సాకు లేదు. భోజనాలు ఆలస్యమవుతున్నాయన్న సణుగుడు ఇంకా వినిపిస్తూనే ఉంది.

కాలనీ రెండోసారి సమావేశమైంది. స్కూలుకు అటొకటి, ఇటొకటి, రెండే స్పీడ్ బ్రేకర్లు చాలని, అవీ నిబంధనల కొలతల ప్రకారమే ఉండాలని, పాత కాంక్రీటు గుట్టను తవ్వించేయాలని అందరూ ఒప్పుకున్నారు. వద్దన్న రైల్వే పెద్దాయనే టేపు పట్టుకుని రోడ్డుమీద పన్నెండు అడుగులు కొలిచి చూసి, "ఇంత వెడల్పైతే నా నడుముకు ఇబ్బంది లేదు" అన్నారు. మున్సిపల్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాం.

ప్రియ చదువరీ, ఆ స్పీడ్ బ్రేకర్లు ఇంకా పడలేదు. ఈ వారానికి మా వీధి ఎప్పటిలా నున్నగానే ఉంది. మా ప్రేమకు అసలు పరీక్ష ఇప్పుడే. గట్టు వచ్చాక ఎవరైనా ఆగుతారు. బ్రేకు వేసి, దాటగానే మళ్లీ దూసుకెళ్లేవారిని రోజూ చూస్తున్నాం కదా. ధర్మశాస్త్రం చేయగలిగింది అంతవరకే. పొరుగువానికి కీడు చేయని ప్రేమే ధర్మశాస్త్రాన్ని నెరవేరుస్తుందని అపొస్తలుడైన పౌలు రోమా సంఘానికి రాసింది (13:10) ఇందుకే. గట్టు లేనిచోట కూడా కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్లాలి.

మన తెలుగులో 'నెమ్మది' అన్న మాటకు మెల్లగా అని అర్థం, శాంతి అనీ అర్థం. వచ్చే ఆదివారం మీరు మందిరానికి బయలుదేరేటప్పుడు ఐదు నిమిషాలు ముందుగా తాళం వేయండి. దారిలో ఏదో ఒక గేటు వెనక ఒక పెద్దమ్మ తన మనవణ్ని పట్టుకుని నిలబడి ఉంటుంది. మీ నెమ్మది ఆమెకు నెమ్మదినివ్వాలి. ఆ బిడ్డను ఆమె నిశ్చింతగా వీధిలోకి పంపగలిగిన రోజున మన ఆరాధన మందిరం చేరకముందే మొదలైనట్టు.