చీటీ ఫోన్లో వచ్చింది... పురుగు పోయిందా?

ఇలా ఊహించుకోండి. ఫిబ్రవరి నెల. గుంటూరు జిల్లాలో ఓ మిరప చేను. గట్టు పక్కన పట్టాలు కప్పిన గుడిసె. అందులో ఏడేళ్ల పిల్లాడు కడుపు పట్టుకుని ముడుచుకుని పడుకున్నాడు. మొహం పాలిపోయింది. అన్నం సరిగా తినడు కానీ, ఎవరూ చూడకుండా మట్టి తింటున్నాడు. వాళ్లది కర్నూలు జిల్లా సి.బెళగల్ మండలం. సొంతూళ్లో అయితే బడి ఉండేది, అంగన్‌వాడీ ఉండేది, పలకరించే ఆశా కార్యకర్త ఉండేది. ఇక్కడ ఎవరూ తెలియదు. ఆసుపత్రికి వెళ్తే ఓ రోజు కూలీ పోతుంది. తండ్రి చేతిలో మాత్రం ఓ ఫోను ఉంది.

'పిల్లోనికి పొద్దస్తమానం కడుపు నొస్తాది సారూ...'

తెర మీద కనిపిస్తున్న డాక్టరుకు ఆ తల్లి చెప్పే మొదటి మాట అదే అయి ఉంటుంది. నాలుగైదు ప్రశ్నలు, ఓ మందుల చీటీ. ఇరవై ఏళ్ల కిందట ఎవరైనా ఇలా చెబితే సినిమా కథ అనుకునేవాళ్లం. ఇప్పుడది మామూలు సంగతి. అయితే ఆ చీటీతో పిల్లాడి కడుపులోని పురుగు పోతుందా? పోయినా, మళ్లీ రాకుండా ఉంటుందా?

సుగ్గి వేళ... మాత్రల వేళ!

పక్కనే తుంగభద్ర పారుతుంది. గుండ్రేవుల లాంటి ఊళ్లు నది ఒడ్డునే ఉన్నాయి. అయినా కర్నూలు పడమటి ప్రాంతానికి వలస తప్పడం లేదు. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి... ఏ వైపు వెళ్లినా 'సుగ్గికి పోయినారు' అన్న మాట వినిపిస్తుంది. ఇక్కడి పంటలు అయిపోగానే తాళాలు వేసుకుని మిరప కోతలకు, పత్తి తీతకు వెళ్లిపోతారు. పిల్లల్ని చూసుకునే ముసలివాళ్లు ఇంట్లో లేకపోతే వాళ్లనూ వెంట తీసుకెళ్తారు. పిల్లల చదువు ఆగిపోకుండా సీజనల్ హాస్టళ్లు పెట్టినా అందరూ వాటిలో ఉండరు.

సరిగ్గా ఆ రోజుల్లోనే జాతీయ నులిపురుగుల నివారణ దినం వస్తుంది. 2015లో కొన్ని రాష్ట్రాల్లో మొదలైన ఈ కార్యక్రమం తర్వాత దేశమంతా విస్తరించింది. ఏటా ఫిబ్రవరి 10న ఏడాది నుంచి పంతొమ్మిదేళ్ల లోపు పిల్లలకు బడుల్లో, అంగన్‌వాడీల్లో అల్బెండజోల్ మాత్ర మింగిస్తారు. చాలా రాష్ట్రాల్లో ఆగస్టులో రెండో విడత కూడా ఉంటుంది. ఏడాది నుంచి రెండేళ్ల లోపు వాళ్లకు సగం మాత్ర, అంటే 200 మిల్లీగ్రాములు. ఆపై వయసు వాళ్లకు పూర్తి మాత్ర, 400 మిల్లీగ్రాములు. ఆ రోజు రానివాళ్లకు కొద్ది రోజుల తర్వాత మరోసారి ఇస్తారు. కానీ కోతలు పూర్తయి పిల్లాడు ఊరు చేరేసరికి ఎండాకాలం వచ్చేస్తుంది. చెట్టు నుంచి మిరపకాయ తెంపే వేళ, బడిలో మాత్ర పంచే వేళ ఒకటే కావడంతో... మాత్ర ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే అది అందకుండా పోయే ప్రమాదం ఉంది.

ఫోనులో వచ్చే డాక్టరు పనికొచ్చేది ఇక్కడే.

అరగొండ నుంచి అరచేతికి

రాయలసీమకు ఈ దూరవైద్యం కొత్తేం కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో సంస్థ ఏర్పాటు చేసిన టెలిమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చిలో అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించారు. పల్లెలోని రోగిని పట్నంలోని డాక్టరు తెర మీద చూడటం అప్పట్లో ఓ వింత. దానికి పెద్ద పెద్ద యంత్రాలు కావాలి.

ఇప్పుడు ఫోను చాలు. మొహాలీలోని సీడాక్ సంస్థ తయారుచేసిన 'ఈ-సంజీవని'ని 2019 నవంబరులో దేశంలోనే మొదట అందుకున్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలో ఉండే సిబ్బంది రోగిని పక్కన కూర్చోబెట్టుకుని, దూరంగా ఉన్న డాక్టరుతో మాట్లాడించడం ఇందులో ఓ పద్ధతి. కరోనా వచ్చి ఇళ్లలోంచి కదలలేని రోజుల్లో, 2020 ఏప్రిల్ 13న, రోగే నేరుగా ఇంటి నుంచి డాక్టరును కలిసే రెండో పద్ధతి మొదలైంది. ఫోను నంబరుతో నమోదు చేసుకోవాలి. ఓటీపీ వస్తుంది. టోకెన్ తీసుకుని వరుసలో వేచి ఉంటే డాక్టరు తెర మీదికి వస్తారు. మాట్లాడాక మందుల చీటీ ఫోనుకే చేరుతుంది. రూపాయి ఖర్చు లేదు.

2023 ఫిబ్రవరి నాటికి దేశం మొత్తం మీద ఈ-సంజీవని సంప్రదింపులు 10 కోట్లు దాటాయి. అందులో 3 కోట్లకు పైగా ఒక్క ఆంధ్రప్రదేశ్‌వే! అంటే దాదాపు మూడో వంతు.

తెర అవతలి నుంచి ఏం తెలుస్తుంది?

కడుపులో పురుగులన్నీ ఒకటే అనుకుంటాం. గొర్రెలకు నట్టల మందు తాగించినట్టు ఏదో ఒకటి మింగిస్తే పోతుందనుకుంటాం. నిజానికి ఒక్కోదాని తీరు ఒక్కోలా ఉంటుంది. ఏలికపాములు, కొరడా పురుగుల గుడ్లు మట్టి అంటిన చేతులతో, కడగని కూరగాయలతో లోపలికి వెళ్తాయి. నులిపురుగులు రాత్రిపూట మలద్వారం దగ్గర దురద పెట్టి పిల్లల్ని నిద్రపోనివ్వవు. అన్నింటిలోకీ గడుసుది కొంకి పురుగు. మలంతో కలుషితమైన మట్టిలో చెప్పుల్లేకుండా నడిస్తే, పాదం చర్మంలోంచే దూరి పేగు చేరుతుంది. అక్కడ పేగును కరిచి పట్టుకుని నెలల తరబడి రక్తం పీలుస్తుంది. పిల్లాడు పాలిపోవడం, ఆయాసపడటం, మట్టి తినడం... రక్తహీనతకు గుర్తులైన వీటి వెనక చాలాసార్లు ఆ పురుగే ఉంటుంది. మట్టి ద్వారా సోకే ఈ పురుగులు ప్రపంచవ్యాప్తంగా దాదాపు 150 కోట్ల మందిలో ఉన్నాయన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

డాక్టరు అడిగే ప్రశ్నలకు తల్లి సరిగా జవాబు చెబితే సగం సంగతి తెలిసిపోతుంది. రాత్రి దురద ఉందా? విరేచనంలో పురుగు కనిపించిందా? చెప్పులు వేసుకుంటాడా? బరువెంత? అంతకుముందు మాత్ర ఎప్పుడు వేశారు? ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా?

ఆ చివరి ప్రశ్న ఎందుకంటే... పంది బద్దెపురుగు గుడ్లు లోపలికి వెళితే, దాని పిల్లలు మెదడులో గూడు కట్టుకోవచ్చు. అలాంటివాళ్లకు పరీక్షలు చేయకుండా అల్బెండజోల్ ఇస్తే లోపల వాపు వచ్చి ఫిట్స్ రావచ్చు. మామూలు పిల్లలకు ఎంతో సురక్షితమైన మాత్రే, చూడకుండా వేస్తే ఒక్కోసారి ఇలా ఎదురు తిరుగుతుంది. అందుకే దుకాణంలో అడిగి కొనుక్కోవడం కన్నా ఫోనులోనైనా ఓ డాక్టరుతో మాట్లాడటం ఎంతో మేలు.

అయితే తెరకూ హద్దులున్నాయి. అది కడుపు నొక్కి చూడలేదు. మల పరీక్ష చేయలేదు. రక్తం ఎంతుందో కొలవలేదు. ఒక్క మాత్రతో ఏలికపాములు పోయినంత తేలిగ్గా కొరడా పురుగులు పోవు. నులిపురుగులకైతే రెండు వారాలకు మరోసారి వేయాల్సి వస్తుంది. రక్తం బాగా తగ్గిన పిల్లాడికి పురుగు మందుతో పాటు ఐరన్ కూడా కావాలి. అది ఎంత, ఎన్నాళ్లు అన్నది రక్త పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. కాబట్టి మంచి డాక్టరు తెర మీద చీటీ రాసి ఊరుకోరు. 'దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి రక్త పరీక్ష చేయించండి' అని కూడా చెబుతారు. ఆ మాట విని వెళ్లామా లేదా అన్న దాని మీదే అసలు ఫలితం ఆధారపడి ఉంటుంది.

ఆర్‌ఎంపీ అంటే ఎవరు?

దూరవైద్యానికి కేంద్రం 2020 మార్చి 25న నియమావళి ప్రకటించింది. అందులో వైద్యం చేసేవారిని 'ఆర్‌ఎంపీ' అన్నారు. అంటే వైద్య మండలిలో పేరు నమోదైన, చదువుకున్న డాక్టరు. మన పల్లెల్లో ఆర్‌ఎంపీ అంటే అర్థం వేరే... సంచీ తగిలించుకుని వచ్చి సూది వేసి వెళ్లే ఆయన! ఒకే మాటకు రెండు అర్థాలు. ఆ తేడా తెలియకపోతే ఫోనులోనూ మోసపోతాం. చీటీ మీద డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలన్నది నిబంధన. అవి లేని చీటీ చీటీ కాదు.

ఏ మందు ఎలా రాయొచ్చో కూడా అందులో ఉంది. ఉదాహరణకు, గజ్జికి వాడే బెంజైల్ బెంజోయేట్ లోషన్‌ను తొలిసారే రాయాలంటే డాక్టరు రోగిని వీడియోలో చూడాలి. గజ్జి కూడా చర్మంలో దూరే ఓ పురుగు పనే మరి. ఆ మందు ఒక్కరికి రాస్తే చాలదు, ఇంట్లో అందరూ ఒకే రోజు రాసుకోవాలి. దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. గుడిసెలో పదిమంది పక్కపక్కనే పడుకునే వలస జీవితంలో ఇది చెప్పినంత తేలిక కాదు. పదహారేళ్లు, అంతకన్నా తక్కువ వయసు వాళ్లు డాక్టరుతో మాట్లాడేటప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉండి తీరాలి. మత్తుమందుల కోవకు చెందినవి ఫోను మీద రాయకూడదు.

మందే లేని పురుగు వెళ్లిపోయింది

అరగొండలో తెర వెలిగిన 2000 సంవత్సరంలోనే, అంతకు ముందు నెలలో మరో సంగతి జరిగింది. భారతదేశంలో నారికురుపు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

ఈ తరం పిల్లలకు ఆ పేరే తెలియదు. తాతల్ని అడగండి, చెబుతారు. దిగుడు బావి నీళ్లు తాగిన ఏడాదికి కాలి మీద బొబ్బ లేచి, అందులోంచి మీటరు దాకా పొడవుండే తెల్లటి దారం లాంటి పురుగు బయటికి వచ్చేది. పుల్లకు చుట్టి రోజుకు కొంచెం లాగేవారు. మనిషి నెలల తరబడి పొలం పనికి దూరం. 1984లో దేశంలో దాదాపు 40 వేల కేసులు నమోదయ్యాయి. ఆ జబ్బు పాతుకుపోయిన ఏడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

దాన్ని చంపే మందు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. టీకా లేదు. మరి ఎలా పోయింది? నీళ్లను గుడ్డతో వడకట్టి తాగమన్నారు. కాలు నీళ్లలో పెట్టే దిగుడు బావుల్ని తోడుకునే బావులుగా మార్చారు. చేతి పంపులు వేశారు. కురుపున్న మనిషిని నీళ్లలో దిగనివ్వలేదు. ఊరూరా తిరిగి ఆరా తీశారు. 1996 తర్వాత దేశంలో ఒక్క కేసూ లేదు.

మందు లేని పురుగు పోయింది. కొద్ది రూపాయల మాత్రతో పోయే పురుగులు మాత్రం ఇంకా మన పిల్లల కడుపులోనే ఉన్నాయి! మాత్ర వేసిన పిల్లాడు మర్నాడు అదే చేనులో, అదే గట్టు మీద, అవే వట్టి కాళ్లతో తిరుగుతుంటే కొంకి పురుగు మళ్లీ దారి వెతుక్కుంటుంది. చేను యజమాని కూలీలకు ఓ తాత్కాలిక మరుగుదొడ్డి కట్టించి, మంచినీళ్ల డ్రమ్ము పెట్టిస్తే అది కూడా వైద్యమే. తండ్రి సంతలో కొనే జత చెప్పులూ వైద్యమే.

మిరప చేను పక్కన ఆ ఇంట్లోకి చీటీ వచ్చింది. మంచిదే. ఆ చీటీ కోసం ఒకప్పుడు రోజు కూలీ పోగొట్టుకోవాల్సి వచ్చేది. మిగిలిన ఆ రోజు కూలీతో పిల్లాడి కాళ్లకు చెప్పులు వస్తే... అప్పుడు పురుగు నిజంగా పోయినట్టు.

ఇవి గుర్తుంచుకోండి

* ఫిట్స్, ఆగని వాంతులు, ఉబ్బిన కడుపుతో తీవ్రమైన నొప్పి, విరేచనంలో రక్తం, నాలుగడుగులు వేస్తే ఆయాసం... వీటిలో ఏది ఉన్నా ఫోను పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లాలి.

* గర్భిణులు, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, అల్బెండజోల్ సొంతంగా వేసుకోకూడదు. గర్భం సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

* పిల్లలకు మాత్ర నమిలించాలి. బాగా చిన్నవాళ్లకు పొడి చేసి నీళ్లలో కలిపి ఇవ్వాలి. పడుకోబెట్టి మింగించొద్దు.

* అమీబా విరేచనాలకు డాక్టరు మెట్రోనిడజోల్ రాస్తే, అది వాడే రోజుల్లో మద్యం ముట్టకూడదు.

* గొర్రెలకు తెచ్చిన నట్టల మందు మనుషులకు వాడొద్దు. మోతాదు వేరు, బలం వేరు.

* వలస వెళ్లే ముందు బడిలో, అంగన్‌వాడీలో ఆ సంగతి చెప్పండి. మాత్ర అందిందో లేదో పిల్లల నోటుపుస్తకం వెనక తేదీతో రాసిపెట్టుకోండి. డాక్టరు అడిగినప్పుడు ఆ ఒక్క ముక్క ఎంతో పనికొస్తుంది.