గిల్డ్ ఖజానా తాళం ఎవరి దగ్గర?

ఆన్‌లైన్ గేమ్ అంటే టైమ్‌పాస్ అనుకుంటారు చాలామంది. కానీ కొన్ని గేముల్లో వందలమంది కలిసి సరుకు అమ్ముతారు, ఉమ్మడి ఖజానా నడుపుతారు. బంగారం ఉత్తుత్తిదే కానీ లెక్కల దగ్గర వచ్చే పేచీలు మాత్రం నిజమైనవే. వాటిని సరిగ్గా తీర్చడం వచ్చినవాళ్లకు ఉద్యోగంలోనూ పనికొచ్చే విద్య చేతిలో ఉన్నట్టే.

వారం వారం వేలం

‘ది ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్’నే తీసుకోండి. 2014లో వచ్చిన ఈ గేమ్‌లో అందరికీ కలిపి ఒకే సంత ఉండదు. ఆటగాళ్లే ట్రేడింగ్ గిల్డ్‌లు పెట్టుకుంటారు. ఒక్కోదాంట్లో 500 మంది వరకు చేరొచ్చు. బయటివాళ్లకు అమ్మే దుకాణం కావాలంటే ప్రతి వారం వేలం పాడాలి. అది దక్కకపోతే సరుకు సభ్యుల మధ్యే తిరగాలి. అమ్మకాల్లో కోసుకున్న మొత్తంలో కొంత గిల్డ్‌కు చేరుతుంది. అది చాలకపోతే చందాలు, లాటరీలు పెడతారు.

ఎంత పాడాలో తేల్చేది ఒకరిద్దరు, భారం మోసేది అందరూ. పరీక్షలని రెండు వారాలు రాని సభ్యుణ్ని తీసేయొచ్చా? లాటరీ లీడర్ ఫ్రెండ్‌కే తగిలితే నమ్మేదెలా? మంచి గిల్డ్‌లు ఇలాంటి రూల్స్ ముందే రాసి పెడతాయి. ఖజానాలోంచి తీసే అధికారం అందరికీ ఇవ్వవు. వేసిందీ తీసిందీ హిస్టరీలో నమోదవుతుంది కాబట్టి అడిగితే చూపిస్తాయి.

నమ్మకం ఒక్కటే చాలదు

ఐస్‌లాండ్ కంపెనీ సీసీపీ నడిపే ‘ఈవ్ ఆన్‌లైన్’లో ఆటగాళ్లు ‘ఈబ్యాంక్’ అని ఒక బ్యాంకు పెట్టారు. 2009లో దాన్ని నడిపే వ్యక్తే సుమారు 20,000 కోట్ల ఐఎస్‌కే (ఆ గేమ్ కరెన్సీ) తీసి, అసలు డబ్బుకు అమ్ముకున్నాడు. డిపాజిటర్లు తమ సొమ్ము కోసం ఎగబడ్డారు. కంపెనీ అతణ్ని నిషేధించింది. అయితే కాజేసినందుకు కాదు, అసలు డబ్బుకు అమ్మినందుకు! ఆట లోపల మోసం అక్కడి రూల్స్‌కు విరుద్ధం కాదు మరి. పైవాడు వచ్చి న్యాయం చేస్తాడని కూర్చుంటే కుదరదు, కట్టడి మనమే పెట్టుకోవాలి.

మన బ్యాంకుల్లో దీన్నే ‘మేకర్-చెకర్’ అంటారు. ఒకరు ఎంట్రీ వేస్తే, ఇంకొకరు సరిచూసి ఆమోదిస్తారు. ఎంత నిజాయతీపరుడైనా ఒక్కడి చేతిలోనే రెండు పనులూ పెట్టరు.

ఇంటర్వ్యూలో ఇలా చెప్పండి

‘గేమ్స్ ఆడతాను’ అంటే అది హాబీ కిందికే వస్తుంది. అదే గిల్డ్ లెక్కలు నిజంగా చూసి ఉంటే, గేమ్ తెలియనివాళ్లకూ అర్థమయ్యేలా మూడు ముక్కల్లో చెప్పండి: ఎంతమంది నిధి చూశారు, ఏ గొడవ వచ్చింది, ఏ రూల్‌తో తీర్చారు. అకౌంట్స్, ఆడిట్, ఆపరేషన్స్ ఉద్యోగాల్లో ఇది పనికొచ్చే అనుభవమే. చేయనిది మాత్రం చేశామనొద్దు. రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

గేమ్ ఆడనివాళ్లు కాలేజీ ఫెస్ట్ చందాలతో మొదలుపెట్టొచ్చు. జమాఖర్చులు రాసి, మరొకరితో సరిచూపించి, నోటీసు బోర్డులో పెట్టండి. ఎవరూ అడగకముందే లెక్క చూపేవాడికే తాళం అప్పజెబుతారు.