ఆరు నెలలు అన్నం ముట్టని ఎలుగు

పిల్లలూ! రాత్రి అన్నం తినకుండా పడుకుంటే తెల్లవారేసరికి మీ కడుపులో ఎలుకలు పరుగెత్తుతవి కదూ? అక్టోబరులో పడుకుని ఏప్రిల్ దాకా మంచినీళ్లయినా ముట్టని జంతువు ఒకటున్నది. అది ఉత్తర అమెరికా అడవులలోని నల్ల ఎలుగు.

మన నల్లమల అడవులలో వుండేది వేరు జాతి. మన ఎలుగు చెదపుట్టలు తవ్వుకుంటూ, ఇప్పపూలు ఏరుకుంటూ ఏడాది పొడుగునా తిరుగుతూనే వుంటుంది. అలాస్కాలోనూ, కెనడాలోనూ అలా సాగదు. చలికాలం వస్తే నేలంతా మంచు కప్పుకుపోతుంది. పళ్లుండవు, చిగుళ్లుండవు, చీమలుండవు. నల్ల ఎలుగుకు ముఖ్యమైన తిండి అదే. దొరికితే చేపనూ, లేడిపిల్లనూ తింటుంది గాని, దాని కడుపు నింపేవి ఎక్కువగా మొక్కలే. చలికి భయపడి అది పడుకుంటుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. తిండి దొరకని రోజులను నిద్రతో దాటేస్తుంది, అంతే.

పడుకోబోయే ముందు దాని తిండి చూడాలి! ఆకురాలు కాలంలో రోజుకు 20 వేల కేలరీల దాకా తింటుందట. మీ నాన్నగారు ఎనిమిది రోజులకు పైగా తినే తిండి అది. ఒళ్లంతా కొవ్వు పట్టాక ఏ చెట్టుతొర్రలోనో, రాతిసందులోనో, కూలిన మాను వేళ్ల కిందనో దూరి ముడుచుకు పడుకుంటుంది.

అలాస్కా శాస్త్రజ్ఞులు కొన్ని ఎలుగులను చలికాలమంతా పరీక్షించి, తాము చూచినది 2011లో ప్రకటించారు. మామూలుగా నిమిషానికి 55 సార్లు కొట్టుకునే గుండె నిద్రలో 14 సార్లే కొట్టుకున్నది. ఒళ్లు మాత్రం పూర్తిగా చల్లబడలేదు. దాని వేడి సుమారు 30 డిగ్రీలకన్నా దిగువకు పోలేదు. అయినా శరీరం ఖర్చు నాలుగో వంతుకు తగ్గిపోయింది. మూత్రంలో పోవలసిన యూరియాను కూడా అది వృథా పోనివ్వదు. దానినుంచి మళ్లీ మాంసకృత్తులు తయారుచేసుకుంటుంది.

ఒకమాటు నా కాలు విరిగి నెలన్నర మంచంలో వున్నాను. కట్టు విప్పేసరికి పిక్క సన్నబడిపోయి, మనుమడి భుజం పట్టుకుని నడవవలసి వచ్చింది. ఎలుగు ఆరు నెలలు పడుకుని లేచి, ఎవరి భుజమూ పట్టుకోకుండా అడవిలోకి నడిచిపోతుంది! దాని ఎముకలు బోలుపడవు, కండలు పెద్దగా తరగవు. ఆ కిటుకు తెలిస్తే మంచాన పడ్డ రోగులకు మేలవుతుందని వైద్యులు దానిని పరిశోధిస్తున్నారు.

ఇంకొక వింత. పిల్లలు పుట్టేదీ ఆ నిద్రలోనే. తల్లి కడుపులోని పిండం వేసవినుంచి నవంబరు దాకా ఎదగక ఆగి వుంటుంది. తల్లి ఒంటిలో చాలినంత కొవ్వు లేకపోతే ఇక ఎదగనే ఎదగదు. వుంటే, జనవరిలో రెండో మూడో పిల్లలు పుడతవి. ఒక్కొక్కటి మామిడిపండంత తూగుతుంది. కళ్లు తెరవదు, ఒంటిమీద బొచ్చు కూడా అంతంతమాత్రమే. తానేమీ తినని తల్లి, నిల్వవున్న కొవ్వునే పాలుగా మార్చి వాటికి ఇస్తుంది. బయటికి వచ్చాక పిల్లలకు మొదట నేర్పేది చెట్టెక్కడం. అపాయం కనబడితే తల్లి ఒక గుర్రు పెడుతుంది. పిల్లలు చరచరా మాను పైకి పాకిపోతవి.

ఈ జాతి ఇప్పుడు అంతరించే స్థితిలో లేదు. ప్రపంచంలో ఎనిమిది జాతుల ఎలుగులున్నవి; మిగిలిన ఏడింటినీ కలిపినా నల్ల ఎలుగులంత లెక్కకు రావు. మన ఎలుగుకు ఆ అదృష్టం లేదు. అయితే దొంగ వేటగాళ్లు పిత్తాశయం కోసం ఎలుగులను చంపుతారు. ఎండిన పిత్తాశయాన్ని చూచి అది ఏ జాతిదో చెప్పలేము. నల్ల ఎలుగు పేరు చెప్పి ఆసియా ఎలుగులది అమ్మకుండా, 1992లో దీని వ్యాపారాన్ని కూడా అంతర్జాతీయ ఒప్పందం కిందికి తెచ్చారు.

వేటగాడి తుపాకి కన్నా నాకు ఎక్కువ భయం బిస్కట్టు ముక్కంటే. నవ్వకండి. అమెరికాలోని ఎల్లోస్టోన్ వనంలో, వచ్చినవారు కార్లు ఆపి ఎలుగులకు తిండి పెట్టేవారు. ఎలుగులు బాటపక్కన ముష్టికి నిలబడేవి. పెట్టేవారు ముచ్చటపడి పెట్టారు. పెట్టకపోతే ఎలుగు ఊరుకుంటుందా? 1931 నుంచి 1969 దాకా ఆ వనంలో ఏటా సగటున 48 మంది ఎలుగుల వల్ల గాయపడ్డారు. మనిషి మీదికి వచ్చిన ఎలుగును చివరకు చంపవలసి వచ్చేది. తిండి పెట్టినవారు అప్పటికి తమ ఊళ్లకు వెళ్లిపోయి వుండేవారు.

1970లో అక్కడ పద్ధతి మార్చారు. చెత్తగుట్టలు మూసేశారు, తిండి పెట్టడం గట్టిగా మాన్పించారు. చెత్త డబ్బాలకు ఎలుగు పంజా తీయలేని గడియలున్న మూతలు పెట్టారు. ఎలుగులు మళ్లీ అడవిలో పళ్లు వెతుక్కోవడం మొదలుపెట్టినవి. ఇప్పుడు అక్కడ ఎలుగు కనబడితే 100 గజాల దూరాన నిలబడి చూడాలి. దుర్భిణి వున్నవారికి అదేమంత దూరం కాదు.