కాందిశీకుల సొమ్ముకు లెక్క అడుగుతున్నామా?

పూర్ణా మార్కెట్లో కిలో వంకాయలు కొన్నా మనం కాటా వంక చూస్తాం. అదే కాందిశీకుల కోసమని ఎవరైనా వచ్చి అడిగితే జకాత్ సొమ్ము వారి చేతిలో పెట్టి, ‘మన బాధ్యత తీరింది, ఇక వాళ్ళూ అల్లాహ్’ అనుకుంటాం.

తీరిందా? హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ సొమ్ము అర్హుని సొంతం కావాలి. మధ్యలో ఉన్న సంస్థ మన వకీలు మాత్రమే. వకీలు దగ్గరే సొమ్ము ఆగిపోతే మన జకాత్ చెల్లనట్టే. కనుక లెక్క అడగడం అనుమానం కాదు, మన ఫర్జ్‌లో భాగం.

బనూ సులైమ్ తెగ నుంచి జకాత్ వసూలు చేసి వచ్చిన ఒకాయన, ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చిందని విడదీసి చూపాడు. దైవప్రవక్త (స) ఊరుకోలేదు. తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని అందరి ముందూ నిలదీశారు. అలాగని పనిచేసేవాడికి కూలి వద్దని కాదు. ఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయత్‌లోని ఎనిమిది పద్దుల్లో వసూలుదారులూ ఉన్నారు. జీతం తీసుకోవడం తప్పు కాదు, దాన్ని దాచడం తప్పు.

మన కంచరపాలెంలో బర్మా క్యాంపు ఉంది. 1960లలో బర్మా నుంచి తరలివచ్చిన తెలుగువారి పేరు అది. వారు భారతీయులుగా వచ్చారు, ఓటు హక్కుతో అధికారులను అడగగలిగారు. అదే బర్మా నుంచి పారిపోయి హైదరాబాదు బాలాపూర్ గుడిసెల్లో తలదాచుకున్న రోహింగ్యాలకు ఆ హక్కు లేదు. ఐక్యరాజ్యసమితి ఇచ్చిన కార్డే వారికి ఆధారం. 1951 శరణార్థుల ఒడంబడికపై మన దేశం సంతకం చేయలేదు. తమ పేరిట ఎంత వసూలైందో ఆ తల్లులు ఎవరిని అడగగలరు? అడిగితే వచ్చే బియ్యం కూడా ఆగిపోతాయని భయం.

విదేశీ విరాళాల మీద సర్కారు కన్ను గట్టిగానే ఉంది. 2020 సవరణతో నిర్వహణ ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి దిగింది, సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ఖాతాకే రావాలి. మార్కెట్లో మనమిచ్చే నోట్లకు ఆ చట్టం వర్తించదు. అక్కడ అడగవలసింది మనమే.

ఎన్ని కుటుంబాలకు ఇచ్చారు, బియ్యమా, మందులా, బడి ఫీజులా? జీతాలకు ఎంత పోయింది? జకాత్‌నూ సదఖానూ వేర్వేరు ఖాతాల్లో రాస్తున్నారా? ఆడిటర్ ఎవరు? రసీదు మీద రిజిస్ట్రేషన్ నంబరు చూడండి. వీలైతే చెక్కు ఇవ్వండి. 2,000 రూపాయలు మించిన నగదు విరాళానికి 2017 నుంచి ఆదాయపు పన్ను రాయితీ కూడా లేదు.