జట్టులో వెనుకబడినవాడు

అరకులోయ: పొద్దు వాలే వేళకు మన్యంలో ఏ గూడెం చివరకు వెళ్లినా ఒక దృశ్యం కంటపడుతుంది. కాస్త మెరక, దాని మీద ఒక చింతచెట్టో పనసచెట్టో, చెట్టు కింద నలుగురైదుగురు కుర్రాళ్లు. ఊళ్లో సిగ్నల్ అందే చోటు అదొక్కటే గనుక అందరూ అక్కడే చేరుతారు. అందరి చూపూ చేతిలోని ఫోను మీదే. ఉన్నట్టుండి ఒకడు "ఒరే, ఎనక చూడరా!" అని కేక పెడతాడు. మరుక్షణం ముగ్గురూ కలిసి నాలుగోవాడి మీద విరుచుకుపడతారు. "నీకేటొచ్చురా? నిన్నెవడు రమ్మన్నాడు?" నాలుగోవాడు మారు మాట్లాడకుండా ఫోను జేబులో పెట్టుకుని ఇంటిదారి పడతాడు.

పెద్దలు దీన్ని కుర్రతనం కింద కొట్టివేస్తున్నారు. కాని ఇందులో ఒక చిక్కు ఉంది. పట్నంలో కుర్రవాడిని ఒక జట్టు వెళ్లగొడితే మరో జట్టు దొరుకుతుంది. ముప్పై గడపల గూడెంలో దొరకదు. ఆ నలుగురే రేపు కలిసి పోడు నరకాలి, కలిసి సంతకు దిగాలి, ఒకరి ఇంటి పిల్లను మరొకరు చేసుకుని బావా బావమరుదులు కావాలి. ఆటలో పడిన మాట ఆటతో పోతుందని అనుకోవడానికి లేదు.

ఏమిటీ ఆట?

ఫోను ఆటలు ఎరగని పెద్దల కోసం రెండు మాటలు. మన కుర్రకారు ఎక్కువగా ఆడుతున్నది నలుగురేసి జట్టు కట్టే ఆట. వందమంది దాకా ఒక దీవి మీద దిగుతారు. చివరకు మిగిలిన జట్టుదే గెలుపు. ఇందులో దెబ్బ తిన్నవాడు వెంటనే చచ్చిపోడు. మోకాళ్ల మీద పాకుతూ ఉంటాడు. జట్టులోవాడు ఎవరైనా దగ్గరకు వచ్చి కొన్ని సెకన్లు కనిపెట్టుకుని ఉంటే మళ్లీ లేస్తాడు. ఎవరూ రాకపోతే పోతాడు. ఆట తయారు చేసినవాళ్లే ఈ ఏర్పాటు పెట్టారన్నది గమనించదగ్గ సంగతి.

రెండో రకం ఇంకా పెద్దది. దాన్ని రైడ్ అంటారు. ఒక మహా మృగం మీదికి పదిమందో ఇరవైమందో కలిసి దండెత్తుతారు. 2004లో అమెరికాలో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆటలో మొదట్లో నలభై మంది కూడా ఇలా వెళ్లేవారు. కొందరు ముందు నిలిచి దెబ్బలు కాస్తారు, కొందరు వెనుక ఉండి గాయాలు మాన్పుతారు, మిగిలినవారు కొడతారు. ఒకడు తప్పటడుగు వేస్తే అందరూ చస్తారు. మళ్లీ మొదటికి రావాలి. చికాకు పుట్టడం సహజమే.

ఈ ఆట పేరు చెప్పగానే ప్రపంచమంతా తలచుకునేది 2005లో వచ్చిన ఒక వీడియోను. లీరాయ్ జెంకిన్స్ అనే పేరు పెట్టుకున్న ఆటగాడు తిండి కోసం లేచి వెళ్లాడు. అతనికి సాయపడదామనే మిగిలినవారు కూర్చుని వ్యూహం వేస్తున్నారు. అతను తిరిగి వచ్చి, ఏమీ వినకుండా, తన పేరే కేక వేసుకుంటూ లోపలికి దూకాడు. అందరూ చచ్చారు. అది కావాలని నటించినదేనని దాన్ని తీసినవారు తరువాత ఒప్పుకున్నారు. అయినా లోకం నవ్వుతూనే ఉంది, ఎందుకంటే అటువంటివాడు లేని జట్టు ఎక్కడా లేదు. తప్పు లీరాయ్‌దే. కాని ఎవరి కోసం వ్యూహమో ఆ మనిషి రాకుండానే వ్యూహం ముగించిన పెద్దమనుషుల మాటేమిటి?

ఇటుకల పండుగ వేట

గుంపుగా మృగం మీదికి వెళ్లడం మన్యానికి కొత్తగాదు. చైత్రమాసంలో ఇటుకల పండుగ రోజుల్లో విత్తనాలకు పూజ చేసి, మగవారు విల్లంబులు, బల్లేలు పట్టుకుని అడవికి పోవడం తాతల నాటి ఆచారం. ఆడవారు ఊళ్లో ఉండి, దారికి అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయేవారి దగ్గర చిల్లర వసూలు చేయడం ఇప్పటికీ ఉంది. ఆ రోజుల్లో ఈ దారిన వెళ్లిన ఎవరికైనా అనుభవమే. వేటకు వెళ్లినవారు ఉత్త చేతులతో తిరిగి వస్తే ఆడవారు ఎగతాళి చేసేవారు, పేడనీళ్లు చల్లేవారు.

పేడనీళ్లు ఎవరి మీద పడేవో ఒకసారి ఆలోచించండి. బాణం గురి తప్పినవాడిని వేరు చేసి వాడొక్కడి మీద పోసేవారు కారు. ఉత్త చేతులతో వచ్చిన గుంపు మొత్తం తడిసేది. అవమానం కూడా నవ్వుతో కలిసి ఉండేది, మర్నాడు మళ్లీ అడవికి పంపేది. మాంసం దొరికిన రోజున పడగొట్టినవాడికి దక్కవలసింది దక్కినా, మిగిలింది వెళ్లిన అందరికీ పంచేవారు. పొదలు కొట్టి మృగాన్ని లేపినవాడికి కూడా వాటా ఉండేది. గురి లేనివాడికి, కాలు సాగని ముసలివాడికి, పసివాడికి వేటలో ఏదో ఒక పని దొరకడానికి కారణం అదే. అరవడానికి గురి అక్కరలేదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం. అది పాటించవలసిందే, అడవిలో మిగిలినవి మిగలాలి. వేట చాలాచోట్ల లాంఛనంగా మారింది. దానితోపాటు వేట నేర్పిన మర్యాద కూడా కుర్రవాళ్లకు అందకుండా పోతోందేమో అనిపిస్తుంది.

చేయి వదలని వరస

థింసా మాత్రం కళ్లెదుటే ఉంది. ఒకరి వీపు వెనుకగా మరొకరు చేతులు కలిపి వరస కడతారు. డప్పు, తుడుము, మోరి వాయిస్తుంటే వరస పాములా సాగుతుంది. ఇందులో పులి నుంచి తప్పించుకునే తీరును చూపే భాగ్ థింసా ఉంది, ఆకులు ఏరే తీరును చూపే పోతర్ తోలా ఉంది. అరకు వచ్చిన పర్యాటకులను మన ఆడపడుచులు వరస మధ్యలోకి లాగడం అందరూ చూసినదే. పట్నం నుంచి వచ్చిన ఆ అమ్మగారికి అడుగు తెలియదు. కుడి అన్నప్పుడు ఎడమ వేస్తుంది. అయినా వాయిద్యం ఆగదు, ఎవరూ ఆమె కాళ్లకేసి చూసి నవ్వరు. రెండు పక్కల ఉన్న చేతులు ఆమె నడుమును ఇటో అటో నెడతాయి. నాలుగు చుట్లు తిరిగేసరికి అడుగు కుదురుతుంది. కుదరకపోయినా వరస తెగదు.

ఇందులో కిటుకు ఒకటే. రానివాడిని చివర వదిలేస్తే చివరి మలుపులో విసురుకు ఎగిరి పడతాడు. వచ్చినవాళ్లు ఇద్దరి మధ్య పెడితే నిలుస్తాడు. ఫోను ఆటలోనూ ఇంతే. నలుగురు నాలుగు దిక్కులకు పోయి, రానివాడు ఒంటరిగా చచ్చాక తిట్టుకోవడం కంటే వాడి పక్కన ఒకడు ఉండటం మేలు.

సిగ్నల్ తప్పు, మనిషి తప్పు

మన్యంలో ఆడేవారు అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఇది. కొండ అడ్డం వస్తే సిగ్నల్ తెగుతుంది. కుర్రవాడు వేలు నొక్కిన సంగతి ఆటకు చేరేలోపు ఎదుటివాడు కాల్చేస్తాడు. తెర మీద చూసేవాడికి వీడు చేతగానివాడిలా కనిపిస్తాడు. అన్న వాడి వదిలేసిన పాత ఫోను అయితే మరీ ఘోరం, బొమ్మ కదలకుండా నిలిచిపోతుంది. విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో కూర్చుని ముక్కూముఖం తెలియని జట్టుగాడు "బుద్ధి లేదా" అంటాడు. తిట్లు తరచు హిందీలో ఉంటాయి. ఇంట్లో ఆదివాసీ ఒరియానో కువియో మాట్లాడే కుర్రవాడికి సగం అర్థం కాకపోయినా తిట్టు అని మాత్రం అర్థమవుతుంది. కనుక ఆట మొదలుకాకముందే "సిగ్నల్ ఎలా ఉంది? ఏ ఫోను?" అని అడగడం మర్యాద. వెనుకబడినవాడికీ ఒక బాధ్యత ఉంది. ఆట కొత్త అయితే కొత్త అని ముందే చెప్పాలి. వచ్చినట్టు నటించి జట్టును ముంచడం లీరాయ్ పనే.

ఆట నడుస్తుండగా చెప్పేది ఒక్క మాటే ఉండాలి. "గోడ వెనక్కి రా" అంటే వాడు వస్తాడు. ముగ్గురు మూడు మాటలు అరిస్తే ఏ మాటా చెవికెక్కదు. తప్పు ఎందుకు జరిగిందన్న విచారణ ఆట ముగిశాక, అదీ వాడి పక్కన కూర్చుని. అందరూ వినే మైకులో కాదు. పడినవాడిని లేపే వీలుంటే లేపాలి. లేపబోతే ఇద్దరూ పోతారనుకుంటే లేపలేకపోతున్నానని చెప్పాలి. చెప్పకుండా వెళ్లిపోవడమే వాడికి నొప్పి.

ఎంత చెప్పినా విననివాడు, నేర్చుకునే ఉద్దేశం లేనివాడు ఉంటాడు. మిగిలిన ముగ్గురి పొద్దు, రీచార్జి డబ్బు కూడా డబ్బే. అటువంటివాడిని మర్నాడు పిలవకపోవడం తప్పు కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. అయితే ఆ మాట ముఖం మీద, ముందుగా చెప్పాలి. మధ్యలో వెళ్లగొట్టడం, వాడు లేకుండా వేరే గ్రూపు పెట్టుకుని వాడికి పొక్కనివ్వకపోవడం అన్యాయం.

ఈ ఆటలకు నిలకడ లేదన్నది మరో సంగతి. పబ్జీని 2020 సెప్టెంబరు 2న ప్రభుత్వం నిషేధించింది. 2021 జూలైలో బీజీఎంఐ అనే పేరుతో భారతీయ రూపం వచ్చింది. 2022 జూలైలో అదీ తొలగిపోయి, 2023 మేలో తిరిగి వచ్చింది. డబ్బు కాసే ఆటలను మాత్రం 2025లో పార్లమెంటు చేసిన చట్టం నిషేధించింది. పిల్లలు ఆడుతున్నది ఏ రకమో తల్లిదండ్రులు ఒకసారి కనుక్కోవడం మంచిది.

మొన్న ఒక గూడెంలో చూసిన ముచ్చట. నలుగురిలో ఒకడి ఫోను అద్దం పగిలింది, కుడి మూల నొక్కితే పలకదు. మిగిలినవారు వాడిని చెట్టు మొదట్లో, సిగ్నల్ బాగా అందే చోట కూర్చోబెట్టారు. "నువ్వు కాల్చకురా, చూసి చెప్పు చాలు" అన్నాడు పెద్దవాడు. వాడు ఎవరు ఎటు నుంచి వస్తున్నారో చెబుతూ కూర్చున్నాడు. రెండుసార్లు పడ్డాడు, రెండుసార్లూ లేపారు. ఇరవై అయిదు జట్లలో వారిది ఏడో స్థానం. ఇంకో ఆట మొదలుపెట్టబోతుంటే కొండ మీద వాన కమ్ముకొచ్చి సిగ్నల్ పోయింది. నలుగురూ ఫోన్లు చొక్కాల్లో దాచుకుని ఇళ్లకు పరుగు తీశారు.