తెల్ల బొచ్చుకుక్క

పొట్టి ఆవులకు పేరుగన్న పుంగనూరునందును, మదనపల్లె కుప్పములయందును పలువురు పెంచుకొను చిన్న తెల్లని బొచ్చుకుక్కలను అందరును పామెరేనియన్ అందురు. నిజమునకు వానిలో పెక్కు ఇండియన్ స్పిట్జ్ జాతివి. ఆంగ్లేయుల కాలమున వచ్చిన ఐరోపా కుక్కల సంతతి, మన ఎండలకు అలవడినవి.

పిల్లకు 8 వారములు నిండనిదే తల్లినుండి వేరుచేయరాదు. వీలైనచో తల్లిని చూడుడు. అది పిరికిదైనచో పిల్లయు అట్లే కావచ్చును. వెనుక నిలిచి చప్పట్లు చరచుడు. తెల్లకుక్కలలో పుట్టుచెవిటివి కొన్ని ఉండును.

వేసవిలో జాలిపడి బొచ్చు గొరిగించువారు కలరు. అది జాలి గాదు. కుక్క ముఖ్యముగ నాలుక చాచి వగర్చుటచేతనే వేడిని వెడలించును. బొచ్చు ఎండను చర్మమునకు తగులనీయదు. దువ్వి రాలుబొచ్చును తీసి, నీడయు నీరును ఇచ్చిన చాలును.

రేబిస్ టీకా మాత్రము మరువరాదు. 3వ నెలలో వేయించి, పశువైద్యుడు చెప్పిన గడువున మరల వేయించవలెను. ఆ వ్యాధి లక్షణములు పొడసూపిన పిదప బ్రతుకుట దాదాపు అసంభవము. ముద్దుకుక్కయే గదా గీచినదని ఊరకుండక, గాయమును సబ్బుతో 15 నిమిషములు కడిగి ఆస్పత్రికి పోవలెను.

ఈ కుక్క 12 ఏండ్లకు పైగా బ్రతుకగలదు. మీరు చదువు ముగించి పొరుగూర ఉద్యోగమునకు పోవునాటికి అది ముసలిదగును. అప్పుడు దానికి అన్నము పెట్టువారెవరో, తెచ్చుటకు ముందే ఇంటివారిని అడుగుడు.